ఉక్కపోత నాడు ఉబ్బెత్తు, ఎండ నాడు ఇంకు

నాలుగేళ్ళ కిందట శ్రావణ మాసంలో మా పెద్దమ్మ వాళ్ళమ్మాయి పెళ్ళి. ప్రెస్సులో వేయించిన శుభలేఖలు ఎటూ ఉన్నాయి, దగ్గరి చుట్టాలకి మాత్రం 60 కార్డులు చేత్తో చేసిస్తానని నేనే నోరు జారాను. క్రీమ్ రంగు అట్ట మీద మెరూన్ పిగ్మెంట్ ఇంకుతో గణపతి స్టాంపు, కింద పేర్లు. రాత్రి రెండింటి దాకా కూర్చుని అన్నీ వేసి, వేలితో తాకి చూసి, ఆరిపోయాయనుకుని దొంతర పెట్టి, పైన లావుపాటి డిక్షనరీ ఒకటి బరువు పెట్టి పడుకున్నాను. పొద్దున్నే తమ్ముడు ఆ కట్ట పట్టుకెళ్ళి ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి పెద్దమ్మ ఫోను. "ఒసేయ్, ఇదేంటే, గణపతి ముందూ ఉన్నాడు వెనకా ఉన్నాడు!" ప్రతి కార్డు మీది గణపతీ దాని పైనున్న కార్డు వీపు మీద తిరగబడి అచ్చయిపోయాడు, ఎడమ తొండం కాస్తా కుడి తొండం అయిపోయింది. మా నాన్నగారు "రెట్టింపు శుభంలేవే" అన్నారు గానీ నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ తర్వాతే అర్థమైంది, మనం చూసే వీడియోలన్నీ పొడిగాలి ఉన్న ఊళ్ళ వాళ్ళు తీసినవి. వాళ్ళు "ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది" అంటే వాళ్ళ దగ్గర నిజంగానే ఆరిపోతుంది. విశాఖలో, అందులోనూ మా ఎంవీపీ కాలనీలో కిటికీ తీస్తే సముద్రపు గాలే, ఆగస్టులో అప్పడం డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి మెత్తబడిపోయే ఊళ్ళో అట్ట పొడిగా ఉంటుందని ఎలా అనుకున్నానో. కాగితం గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఇంకు ఆరనివ్వదు. కానీ అదే తేమ వల్ల కాగితం నారలు మెత్తబడి నొక్కితే పగలకుండా చక్కగా వంగుతాయి. అందుకని నేను ఇప్పుడు పనిని వాతావరణాన్ని బట్టి పంచుకుంటాను, ఉక్కగా ఉన్న రోజు నొక్కి ఉబ్బెత్తు తేలే పని, ఎండ కాసిన రోజు ఇంకు పని. మధ్యలో వాన పడితే మొండికేసి ఇంకు ముట్టుకోను, మరీ అర్జెంటయితే ఏసీ గదిలో పెడతాను, ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలో తేమ కూడా లాగేస్తుంది కాబట్టి.

ముందు ఇంకుల సంగతి. మీకు కావలసింది రెండు రకాల తేడా తెలుసుకోవడం, మిగతావన్నీ వీటి పిల్లలే. డై ఇంకు అంటే రంగు నీళ్ళలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, కాగితంలోకి ఇంకిపోతుంది, అందుకే త్వరగా ఆరుతుంది, నీటి చుక్క పడితే పాకుతుంది, ఎండ తగిలే గోడ మీద పెడితే వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు, సన్నటి పొడిలా తేలుతూ ఉంటుంది, కాగితం పైనే కూర్చుంటుంది, అందుకే ముదురుగా కనిపిస్తుంది, నల్ల అట్ట మీద తెల్ల రంగు తేలాలంటే ఇదే గతి, ఆరడానికి మాత్రం దాని ఇష్టం. నున్నటి గ్లాసీ అట్ట మీద మన ఊళ్ళో పిగ్మెంట్ ఇంకు వేశారంటే వారం తర్వాత కూడా వేలికి అంటుతుంది, నేను పరీక్షించి మరీ చెబుతున్నా. ఇక ఆఫీసుల్లో వాడే ఊదా స్టాంప్ ప్యాడ్ ఉంది చూశారూ, దాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. ప్యాడ్ ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు కాబట్టి అచ్చు కాసేపు తడిగానే ఉంటుంది, ఆ తడి మనకి తర్వాత పనికొస్తుంది.

కొత్త ఇంకు, కొత్త అట్ట ఏది తెచ్చినా ముందు పట్టీ వేయండి. రెండు వేళ్ళ వెడల్పున అట్ట కోసి, ఒకే స్టాంపుని నాలుగుసార్లు వేసి, మొదటిదాన్ని నిమిషానికి, రెండోదాన్ని 5 నిమిషాలకి, మూడోదాన్ని 15కి, నాలుగోదాన్ని గంటకి టిష్యూ ముక్కతో ఒకసారి లాగండి. ఎక్కడ మరక ఆగిపోయిందో అది మీ టైము. వెనక తారీఖు, "ఉక్క" అనో "పడమటి గాలి" అనో ఒక మాట రాసి పెట్టండి. నా దగ్గర ఇలాంటివి పాత బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. ఒకే ఇంకు, ఒకే అట్ట, జనవరిలో 5 నిమిషాల గడిలో మరక లేదు, ఆగస్టు పట్టీలో గంట గడిలో కూడా ఉంది. ఇది చూశాక నాకు వేరే పాఠం అక్కర్లేకపోయింది.

అట్ట ఎక్కడ కొనాలి అని అడుగుతారు. ద్వారకానగర్ వైపు స్టేషనరీ కొట్లలో దొరుకుతుంది గానీ, నేను ఎక్కువగా శుభలేఖలు వేసే ప్రింటింగ్ ప్రెస్సుల్లో అడుగుతాను, కటింగులో మిగిలిన మంచి మంచి ముక్కలు వాళ్ళు ఎటూ పారేస్తారు, 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) మందంలో రకరకాలవి ఉంటాయి. చేతి కాగితం అంటే మోజుంటే ఒకటి చూసుకోండి. మూల మీద నీటి చుక్క వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకు పాకదు. వెంటనే ఇంకిపోతే ఆ కాగితానికి గంజి తగల్లేదని అర్థం, మీ గీత గొంగళిపురుగులా నూగులు లేస్తుంది. దానికి మందు ఇంట్లోనే ఉంది, నూలు చీరలకి పెట్టే గంజి ఇంకా పల్చగా చేసి మెత్తటి కుంచెతో ఒక పూత వేసి ఎండబెట్టండి. బాగా ఎండ ఉన్న రోజే చేయండి, సగం ఆరిన గంజి కాగితానికి బూజు రాకుండా ఆపడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు పొడి కరిగించే ఎంబాసింగ్, అంటే అచ్చుని ఉబ్బెత్తుగా తేల్చడం. దీన్ని ఎవరికైనా చెప్పాలంటే నేను ఏటికొప్పాక బొమ్మలతో మొదలుపెడతాను. అక్కడ తిరుగుతున్న అంకుడు కర్ర మీద రంగు కలిపిన లక్కని ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఎంబాసింగ్ పౌడర్ కూడా అలాంటి సరుకే, వేడికి కరిగి చల్లారితే గట్టిపడే రెసిన్ పొడి. తడి ఇంకు మీద చల్లితే అంటుకున్నచోట అంటుకుంటుంది, మిగతాది దులిపేసి వేడి పెడితే కరిగి ఉబ్బెత్తుగా, నున్నగా నిలబడుతుంది.

చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చున్నప్పుడు మొదటి పని ఫ్యాన్ కట్టేయడం. ఒక్కసారి మర్చిపోయి నేను బంగారు పొడి డబ్బా మూత తీశాను, దీపావళి దాకా మా సోఫా మెరుస్తూనే ఉంది. ఫ్యాన్ లేకపోతే చెమట, చెమట చుక్క కార్డు మీద పడితే పొడి అక్కడా అంటుకుంటుంది, కాబట్టి భుజం మీద తువ్వాలు తప్పదు. రెండోది, అట్టని ముందుగా ఒక అర నిమిషం వేడి చూపించండి, లోపలి తేమ పోతుంది. ఇది వదిలేస్తే తర్వాత వేడి పెట్టినప్పుడు ఆ తేమ ఆవిరై అట్ట అప్పడంలా వంకర్లు తిరుగుతుంది, పొడిలో బుడగలు వస్తాయి. మూడోది, ఒక పాత రుమాలులో టాల్కం పౌడర్ మూట కట్టి అట్టంతా ఒకసారి తట్టండి, కనీకనపడనంత చాలు. పొడిగాలి ఊళ్ళలో దీన్ని స్టాటిక్ (పొడి కాగితం మీద పుట్టి రేణువుల్ని లాగే విద్యుత్తు) కోసం చేస్తారు, మనకి వేలి తడి, కాగితం తడి కోసం. ఇది చేయకపోతే గీతల చుట్టూ చీమలు పట్టినట్టు పొడి రేణువులు మిగిలిపోతాయి. మిగిలినా సరే, వేడి పెట్టకముందు పొడి కుంచెతో తుడిచేయొచ్చు, వేడి పెట్టాక ఎవరూ ఏమీ చేయలేరు.

స్టాంపుకి పిగ్మెంట్ ఇంకు గానీ, రంగులేని ఎంబాసింగ్ ప్యాడ్ గానీ వాడండి. డై ఇంకు పొడి చల్లేలోపే ఆరిపోతుంది. ఆ ప్యాడ్ ఖరీదు ఎక్కువనిపిస్తే మందుల షాపులో గ్లిజరిన్ సీసా కొని, నాలుగు వంతుల గ్లిజరిన్‌కి ఒక వంతు నీళ్ళు కలిపి స్పాంజి ముక్కకి పట్టించండి, నా సగం కార్డులు దీంతోనే చేశాను. లేదంటే ఇందాక చెప్పిన ఆఫీసు ప్యాడ్, దాని మీద పారదర్శకమైన పొడి చల్లితే ఆ ఊదా రంగే గాజు పూత వేసినట్టు వస్తుంది. మా ఇంట్లో అందరికీ నచ్చింది ఇదే, ఎవరికీ అది ఆఫీసు ప్యాడ్ అని చెప్పలేదు.

వేడికి హెయిర్ డ్రయర్ పనికిరాదు, దాని గాలి ఎక్కువ, వేడి తక్కువ, పొడి కరిగేలోపు ఎగిరిపోతుంది. క్రాఫ్ట్ హీట్ గన్ ఉంటే మంచిది, హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ ఊడగొట్టే గన్ అయితే తక్కువ సెట్టింగులో, జానెడు దూరం నుంచి. ఏదీ లేకపోతే ఇస్త్రీ పెట్టెని బోర్లా తిప్పి కదలకుండా నిలబెట్టి, కార్డుని పట్టకారుతో పట్టుకుని దానికి తగలకుండా పైన ఆడించండి. నిజం చెప్పాలంటే కింద నుంచి వేడి పెట్టడమే మేలు, పొడి ఎగరదు, అట్ట సమంగా వేడెక్కుతుంది. ఇక్కడ కళ్ళు ఆర్పకూడదు. ముందు పొడి ఇసుకలా మసకగా ఉంటుంది, ఏమీ జరగట్లేదేంటి అనుకుంటూ ఉండగానే ఒక మూల నుంచి తడిసినట్టు మెరుపు మొదలై గీత వెంబడి పాకుతూ వస్తుంది, ఆ మెరుపు దాటిన చోటు నుంచి వేడిని వెంటనే ముందుకి జరపాలి. జరపకపోతే కరిగింది కాగితంలోకి ఇంకిపోయి ఉబ్బెత్తు పోతుంది, నూనె మరకలా మిగులుతుంది. మెరుపు వెనకాలే వెళ్ళడం అలవాటైతే మీకు ఈ పని వచ్చేసినట్టే.

లక్క గురించి చెప్పాను కదా, సీలు వేసే ఎర్ర లక్క కడ్డీని పాత రోట్లో దంచి పొడి చేసి వాడి చూశాను. కరుగుతుంది, కానీ సన్నటి గీతలకి పనికిరాదు, ముద్దముద్దగా రక్తపు చుక్కల్లా నిలబడుతుంది. స్టెన్సిల్ పెట్టి పెద్ద చుక్కలుగా వేస్తే మాత్రం బొట్టు బిళ్ళల్లా భలే ఉంటుంది. కార్డు వంగితే పగులుతుంది, అందుకని మడత దగ్గర వేయొద్దు.

ఇక ఉక్కపోత రోజుల పని, పొడి అక్కర్లేని ఎంబాసింగ్. మెషిన్, ఎంబాసింగ్ ఫోల్డర్లు ఉన్నవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, ఫోల్డర్‌లో అట్ట పెట్టడానికి ముందు వెనక వైపు ఒక్కసారి నీళ్ళు పిచికారీ చేసి అర నిమిషం ఆగండి, మడతలు పగలవు, అంతే. లేనివాళ్ళు వంటింట్లోకి వెళ్ళండి. జంతికల గొట్టంలో వేసే బిళ్ళలు ఉంటాయి కదా, నక్షత్రం, మూడు కన్నాలు, చారల కారప్పూస బిళ్ళ, అవి స్టీలు స్టెన్సిళ్ళు కాక మరేంటి? అట్టని బోర్లా తిప్పి బిళ్ళ మీద పెట్టి, కింద పాత మౌస్ ప్యాడ్ వేసుకుని, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో నక్షత్రం అంచు వెంబడి ముందు మెల్లగా, తర్వాత గట్టిగా రుద్దండి. పెన్ను జారకపోతే ఆ చోట కొవ్వొత్తి ఒకసారి రుద్దితే సరి. మెత్తటి 160 నుంచి 220 జీఎస్ఎం అట్టకి ఇది అద్భుతంగా వస్తుంది, 300 అయితే చేతులు నొప్పి పుట్టి ఊరుకుంటాం. మా అమ్మ మొదట్లో "రంగులు పూసిన బిళ్ళతో నేను జంతికలు చేయను తల్లీ" అని గొడవ చేసింది, ఇందులో రంగే ఉండదమ్మా అని కూర్చోబెట్టి చూపిస్తే ఇప్పుడు తనే బిళ్ళలు తీసి ఇస్తోంది. ఇంకు తగిలే పనికి మాత్రం వంట సామాను వాడకండి.

ఇలాగే గోనె సంచి ముక్క, లేసు, ఈనెలు తేలిన రావి ఆకు. వీటికి పెన్ను కాదు, ఒత్తిడి కావాలి. నేల మీద ఒక గ్రానైట్ పలక, దాని మీద ఆకు, దాని మీద కొంచెం తడి చూపించిన అట్ట, పైన నాలుగు మడతల నూలు గుడ్డ, ఆపైన అప్పడాల కర్రతో నిలబడి ఒళ్ళంతా వేసి నొక్కడమే. ఆకు పచ్చిదైతే రసం అంటుతుంది, మరీ ఎండిందైతే పొడైపోతుంది, పుస్తకంలో రెండు రోజులు పెట్టి తీసిన ఆకు సరిగ్గా సరిపోతుంది. అట్టని ఆ ఆకు మీదే ఉంచి ఆరనివ్వండి, తడిగా లేపితే అచ్చు మళ్ళీ లోపలికి పోతుంది.

ఇంకూ ఉబ్బెత్తూ రెండూ కలిపినప్పుడే అసలు సరదా. ఉబ్బెత్తు తేలిన అట్ట మీద స్టాంప్ ప్యాడ్‌ని బోర్లించి, బరువు పెట్టకుండా, దుమ్ము తుడిచినట్టు లాగితే ఎత్తుగా ఉన్న చోట్లే రంగు పడుతుంది. రావి ఆకు ఈనెలు ఒక్కొక్కటే చీకట్లోంచి బయటికి వచ్చినట్టు వస్తాయి. తిరగేసి చేస్తే ఇంకోలా ఉంటుంది, పారదర్శకమైన పొడితో ముందు పేరు ఎంబాస్ చేసి, దాని మీద స్పాంజితో డై ఇంకు పూసి, గుడ్డతో తుడిస్తే పేరు మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. ఆ ఉబ్బెత్తు కూడా వద్దనుకుంటే పైనా కిందా న్యూస్ పేపర్ పెట్టి ఇస్త్రీ చేయండి, పొడి కరిగి పేపర్‌కి అంటి పోతుంది, తెల్లటి పేరు అట్టలో కలిసిపోయి ఉంటుంది. ఎలా చేశావు అని అడిగిన వాళ్ళు నాకు ఇప్పటికీ దొరుకుతున్నారు.

టెక్స్చర్ పేస్టు, అంటే స్టెన్సిల్ మీంచి పూస్తే ఉబ్బెత్తుగా ఆరే ముద్ద, దాని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. ఫెవికాల్ ఒక చెంచా, టాల్కం పౌడర్ రెండు చెంచాలు, తెల్ల ఆక్రిలిక్ రంగు అర చెంచా, ఇడ్లీ పిండి కంటే కొంచెం గట్టిగా రావాలి. ముగ్గులకి అమ్మే చిల్లుల ప్లాస్టిక్ ప్లేటు అట్ట మీద ఆనించి, పాత ఏటీఎం కార్డుతో ఒకసారి గీసి, ప్లేటుని పక్కకి జరపకుండా నిటారుగా ఎత్తండి. ముగ్గు చుక్కలు అట్ట మీద నిలబడతాయి. ప్లేటు వెంటనే కడిగేయకపోతే మళ్ళీ ముగ్గుకి కూడా పనికిరాదు. వానాకాలంలో ఇది ఆరడానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది, పైన గట్టిగా అనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది.

ఇంట్లో ఇంకులు చేయడం పిచ్చి పట్టిందంటే వదలదు, రెండు మాత్రం చెబుతాను. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాస్తాం కదా, ఆ పసుపునే ఇంకు చేయొచ్చు. పసుపు రంగు నీళ్ళలో సరిగ్గా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మందుల షాపు స్పిరిట్ నాలుగు చెంచాల్లో చెంచా పసుపు వేసి కాసేపు ఉంచి, దూదిలో వడకడితే నిఖార్సైన పసుపు నీరు దిగుతుంది. అట్టకి పూసి ఆరనిచ్చి, సన్నటి కుంచెని సున్నపు తేటలో ముంచి దాని మీద రాయండి. కుంచె తగిలిన చోటల్లా ఎర్రబడుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్ళలో జరిగేది ఇదే. మా అక్క కూతురికి ఇది చూపిస్తే "పిన్నీ, మళ్ళీ మళ్ళీ" అని సాయంత్రం దాకా లేవనివ్వలేదు. అయితే ఈ రంగు నిలబడేది కాదు, ఎండకి పసుపు వెలిసిపోతుంది, ఎరుపు కూడా రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగులోకి దిగుతుంది, కాబట్టి చేసిన వారంలో చేతికి అందే కార్డుకే. స్పిరిట్ పూర్తిగా ఆరే దాకా హీట్ గన్ గానీ దీపం గానీ దగ్గరికి రానివ్వకండి.

రెండోది నలుపు. కలంకారీ వాళ్ళు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి కసీం చేస్తారు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది తగలగానే నలుపు తిరుగుతుంది. మన ఊళ్ళో తుప్పుకేం కొదవ, బాల్కనీ గ్రిల్లు గోకితే చాలు. నేను తుప్పు మేకుల్ని వెనిగర్‌లో వారం నానబెడతాను, మూత బిగించకుండా, లోపల గ్యాస్ పుడుతుంది. పూర్ణా మార్కెట్‌లో పచారీ కొట్టు ఆయన కరక్కాయలు తూచి ఇస్తూ "ఏటమ్మా, దగ్గా?" అని అడుగుతాడు, ఇంకు కోసం అంటే నమ్మడు. ఆ కరక్కాయ కషాయం అట్టకి పూసి ఆరనిచ్చి మేకుల నీటితో రాస్తే ముందు లేత బూడిద రంగు, రెండు నిమిషాల్లో కళ్ళ ముందే కాటుక నలుపు. ఇది నీళ్ళు పడినా అంత సులువుగా పోదు. ఆమ్లం ఉన్న ఇంకు కాబట్టి పల్చటి కాగితాన్ని ఏళ్ళ మీద తినేస్తుంది, మందపాటి అట్టకే వాడండి, మెటల్ స్టాంపులకి తగలనివ్వకండి.

దాచడం, పంపడం. పొడి డబ్బాల్లో, అట్టల కట్టలో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. పోస్టులో వేసే కార్డుకి ఉబ్బెత్తు అణగకుండా చుట్టూ మందపాటి అట్టతో ఒక ఫ్రేము కోసి పెట్టి కవర్లో పెట్టండి. దొంతర పెట్టాల్సి వస్తే ప్రతి రెండు కార్డుల మధ్యా బటర్ పేపర్, పైన బరువు అస్సలు వద్దు. మొన్న మాఘమాసంలో పెద్దమ్మ రెండో అమ్మాయికి మళ్ళీ నేనే చేశాను, ఈసారి 80. కట్ట చేతికివ్వగానే పెద్దమ్మ ముందు చూడలేదు, వెనక్కి తిప్పి చూసింది. ఆ బటర్ పేపర్ మాత్రం కార్డు కొలత కంటే వేలెడు పెద్దదిగా కోయండి, సరిగ్గా కోస్తే జరిగిపోయి అంచుల దగ్గర మళ్ళీ అంటుకుంటాయి.